పాలసీదారుతో సంబంధం

2013 జనవరి 19, శనివారం

ఈ నోట్‌బుక్ కొన్నది సరుకుల లిస్టు రాసుకోవడానికి. మొదటి పేజీలో కందిపప్పు, ఇంగువ, కరివేపాకు అని ఉంది. రెండో పేజీలో ఇదిగో, ఇది. ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. చెప్పాలంటే మిషిగన్‌లో ఈ ట్రాయ్ ఊళ్ళో నాకెవరున్నారు గనక.

ఇవాళ కారు గుద్దేశాను. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో. నడుస్తున్న బండిని కూడా కాదు, రెండు గీతల మధ్య బుద్ధిగా నిలబడి ఉన్న కొత్త వ్యాన్‌ని. దానికింకా నంబర్ ప్లేటు కూడా రాలేదు, వెనకద్దానికి కాగితం అంటించి ఉంది. కింద ఐస్. బ్రేక్ తొక్కితే కారు నా మాట వినలేదు. ఐస్ వల్లే, ఇంకేం లేదు.

వ్యాన్ పక్క తలుపు లోపలికి పోయింది. నా కారు బంపర్ ఊడి ఒకవైపు వేలాడింది. నా కారు అని రాశాను. హర్ష కారు.

వ్యాన్ ఆయన బియ్యం బస్తా భుజాన వేసుకుని షాపులోంచి వచ్చారు. శ్యామ్‌సుందర్ గారట, యాభై దాటి ఉంటాయి, వెనకాలే భార్య శశికళ గారు. తిడతారని బిగుసుకుని నిలబడ్డాను. ఆయన బస్తా కింద పెట్టి "దెబ్బలేమైనా తగిలాయామ్మా?" అన్నారు. తిట్టినా బాగుండేది, ఆ మాటకి బావురుమన్నాను.

తర్వాత పేపర్లు అడిగారు. రిజిస్ట్రేషన్ మీదా ఇన్సూరెన్స్ మీదా హర్షవర్ధన్ అనే ఉంటుంది, అడ్రస్ మాత్రం నాది. సెప్టెంబర్‌లో వేరే రాష్ట్రంలో, హెర్న్‌డన్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, తన అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాడు కాబట్టి కాగితాలన్నీ నా ఇంటికి వచ్చేలా మార్చాడు. శ్యామ్‌సుందర్ గారు కళ్ళద్దాలు పైకెత్తి అది చదివి, నా లైసెన్స్ మీద అడ్రస్ చదివి, "హర్షవర్ధన్ అంటే మీ ఆయనా అమ్మా?" అన్నారు.

"అవునండీ" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. చలికి నోరు తిరగలేదు. పెద్దవాళ్ళు, మనవాళ్ళు, పెళ్ళికాని పిల్ల ఎవరో అబ్బాయి కారు, ఇద్దరికీ ఒకే అడ్రస్, ఇదంతా ఆ మంచులో నిలబడి ఎక్కడ వివరించను? మెడదాకా జాకెట్ జిప్పు ఉంది, అదొక్కటే నయం.

"మనవాళ్ళే కదా, ఇన్సూరెన్స్ దాకా ఎందుకు. మనలో మనం చూసుకుందాం. మీ ఆయనతో ఒకసారి మాట్లాడించు" అన్నారాయన. ఊళ్ళో లేరండీ, మాట్లాడిస్తాను అన్నాను.

జనవరి 20

హర్షకి ఫోన్ చేయలేదు. చేయాలి. చేస్తే ముందు ఇంకో సంగతి చెప్పాలి.

వెళ్ళేముందు కారు ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం వెనక సంతకం పెట్టి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం కలిసి ఎమ్మెస్ చేశాం, రెండేళ్ళు ఆ కారులోనే తిరిగాం, నీకే ఉండనీ అన్నాడు. "నెలలోపల నీ పేరు మీదికి మార్పించుకో, ఇన్సూరెన్స్ కూడా నీది తీసుకో. నాది ఆర్నెల్లకి కట్టేసిన, మార్చికి దానంతట అదే అయిపోతది" అన్నాడు. అక్టోబర్‌లో ఫోన్ చేసి అడిగాడు. చేయించేశానన్నాను. నవంబర్‌లో మళ్ళీ అడిగాడు. చేయించేశానన్నాను కదా, ఎన్నిసార్లు అడుగుతావని కసురుకున్నాను కూడా.

చేయించలేదు. ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసులో పెద్ద క్యూ. పైగా నా ఉద్యోగం కాంట్రాక్టు, కారు సీట్లకి టెస్టులు చేసే ల్యాబ్. పగటిపూట సెలవడిగితే మా మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు. అందుకని.

ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరాలు నెలకొకటి వస్తాయి. పైన అతని పేరు, కింద నా ఫ్లాట్ నంబర్. నేను చింపను. ఫ్రిజ్ మీద పెడతాను.

జనవరి 23

ఫోన్ రాలేదు. నేనేం ఎదురుచూడట్లేదు. రాలేదని రాసిపెడుతున్నాను, అంతే.

జనవరి 26, శనివారం

శశికళ గారు భోజనానికి పిలిచారు. చూడండి, బండిని గుద్దింది నేను, భోజనం పెట్టింది వాళ్ళు! వద్దండీ అంటే వినలేదు. "ఒక్కదానివే కదమ్మా ఉన్నావు, ఆయన ఊళ్ళో లేడాయె" అన్నారు.

గుత్తివంకాయ, మజ్జిగ పులుసు. ఎన్నాళ్ళయిందో. రెండో ముద్ద దగ్గరే అడిగారు, మీ ఆయన ఎలాంటివాడమ్మా అని.

మంచివాడండీ అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. పప్పన్నంలో ఆలుగడ్డ చిప్స్ నలిపి కలుపుకుంటాడని చెప్పాను. నాకు డ్రైవింగ్ నేర్పడానికి ఆదివారాలు ఖాళీగా ఉండే స్కూల్ పార్కింగ్‌కి తీసుకెళ్ళి, నేను బ్రేక్ తొక్కినప్పుడల్లా డాష్‌బోర్డు పట్టుకునేవాడని చెప్పాను. మంచు పడ్డ రోజు నాకంటే ముందు లేచి వచ్చి మా మెట్ల మీద ఉప్పు చల్లి, ఏమీ ఎరగనట్టు కారులో కూర్చునేవాడని చెప్పాను. పాట ఒక్కటి శ్రుతిలో పాడడు, కానీ పాడకుండా కారు నడపడు. పరీక్ష ముందు రోజు నాకు జ్వరమొస్తే మిరియాల చారు పెట్టాలని ఫోన్‌లో వాళ్ళమ్మని అడిగి అడిగి పెట్టాడు, మిరియాలు పిడికెడు పోశాడు. అన్నీ నిజాలే. మొదట్లో ఒక్క మాటే అబద్ధం.

శ్యామ్‌సుందర్ గారు నవ్వుతూ విన్నారు. "అయితే ఎప్పుడొస్తున్నాడు?" అన్నారు. "మార్చిలో" అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

గంటన్నరసేపు అతని భార్యగా ఉన్నాను. చాలా హాయిగా ఉంది. వచ్చేటప్పుడు శశికళ గారు డబ్బాలో పులుసు పోసిచ్చి, "అతనొచ్చాక ఇద్దరూ రండి" అన్నారు. ఇంటికొచ్చి డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తలుపు దగ్గరే కాసేపు నిలబడ్డాను.

జనవరి 29

ఆ రోజు వ్యాన్‌ని గుద్దడానికి కారణం ఐస్ ఒక్కటే కాదు. ఫోన్ మోగింది. అతనేమోనని చూశాను. పళ్ళ డాక్టర్ ఆఫీసు వాళ్ళు.

ఫిబ్రవరి 2, శనివారం

కొంప మునిగింది.

శ్యామ్‌సుందర్ గారు ఫోన్ చేశారు. బాడీ షాప్ వాళ్ళు వ్యాన్ తలుపు విప్పి చూస్తే లోపల పట్టీ కూడా వంగిందట, రెండువేల మూడొందల డాలర్లు అవుతుందన్నారట. "అంత డబ్బు మీ పిల్లల దగ్గర ఎలా తీసుకుంటానమ్మా? ఇన్సూరెన్స్‌కే వెళ్ళిపోయాను" అన్నారు. ఆయన మంచితనమే నా ప్రాణం మీదికొచ్చింది.

ఈ మిషిగన్‌లో తప్పెవరిదైనా ఎవరి కారుని వాళ్ళ ఇన్సూరెన్సే బాగుచేయించాలట. కానీ ఆగి ఉన్న బండిని కొడితే మాత్రం, కొట్టిన కారు ఇన్సూరెన్స్ మొత్తం కట్టాలట. ఆయన కార్ల కంపెనీలో ఇరవై ఏళ్ళుగా ఉన్నారు, ఇవన్నీ కంఠతా. అంటే హర్ష పాలసీ కట్టాలి. అంటే వాళ్ళు హర్షకి ఫోన్ చేస్తారు.

"డ్రైవర్ ఎవరని అడిగారు. పాలసీదారు భార్య అని చెప్పాను. వివరాలన్నీ ఇచ్చేశాలే, నువ్వేం కంగారు పడకు" అన్నారు.

ఇవాళే హర్షకి నేనే చెప్పేయాలి. మూడుసార్లు నంబర్ దాకా వెళ్ళాను. ఆదివారం తీరిగ్గా ఉంటాడు, రేపు చెప్తాను.

ఫిబ్రవరి 3

చెప్పలేదు.

ఫిబ్రవరి 5

మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా ఫోన్. హర్ష! ముప్ఫై ఒక్క రోజుల తర్వాత. చేతిలో ఉన్న కొలత టేపు అక్కడే పడేసి బయటికి పరిగెత్తాను. ఎందుకు చేశాడో తెలిసి కూడా ఎలా పరిగెత్తానో చూడు.

"ఏమైంది ఉమా? ఇన్సూరెన్స్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. మీ భార్య ఆగి ఉన్న వ్యాన్‌ని గుద్దింది అంటది. నాకొక నిమిషం ఏం సమజ్ కాలే."

"నువ్వేమన్నావు?"

"ఆమెకి దెబ్బలేమన్న తాకినయా అని అడిగిన."

అదే అన్నాడట ముందు. నాకు భార్య ఎవరు అనలేదు. రాంగ్ నంబర్ అనలేదు. దెబ్బలు తాకాయా అన్నాడు. ఇప్పటికి పదిసార్లు తలుచుకున్నాను ఆ మాట.

"తర్వాత నాకు పెండ్లి కాలేదని చెప్పిన" అన్నాడు. "ఆ కారు మిషిగన్‌ల ఒక ఫ్రెండ్ దగ్గరుంది, నడిపింది ఆమే అయ్యుంటది అన్న. ఇప్పుడు వాళ్ళకి డౌట్ వచ్చింది. భార్య ఇంట్లనే ఉండి కారు నడుపుతుంటే పాలసీల పేరెందుకు రాయించలేదు, దాచినవా అంటున్నరు. దాచినట్టు తేలితే వ్యాన్‌కి పైసా కట్టరంట, నేనే కట్టుకోవాల్నంట. నా పేరు మీద రిమార్కు కూడ పడతది."

టైటిల్ సంగతి కూడా అప్పుడే చెప్పేశాను, మార్పించుకోలేదని. అతను ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. కోప్పడితే నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని.

"ఆయనెవరికో భార్యనని ఎందుకు చెప్పినవ్ ఉమా?"

"ఆయనే అనుకున్నారు. నేను సరిదిద్దలేదు."

"సరే. నిన్ను ఫోన్‌ల రికార్డెడ్ స్టేట్‌మెంట్ అడుగుతరు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఫ్రెండ్‌ని, నడుపుకోమని ఇచ్చిండు అని. పర్మిషన్ ఇచ్చిన ఫ్రెండ్ నడిపితే వాళ్ళు కట్టాల్సిందే. అంతే కదా?"

"అంతే" అన్నాను.

ఫిబ్రవరి 6

అంతే కదా.

ఫిబ్రవరి 9, శనివారం

ఫోన్ మీద చెప్పే ధైర్యం లేక శ్యామ్‌సుందర్ గారింటికే వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను, కూర్చోమనేలోపే. అతను మా ఆయన కాదండీ, నాకు పెళ్ళి కాలేదు, అబద్ధం చెప్పాను.

సోఫాలో ఉన్న ఆయన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు. "నాకు అబద్ధం చెప్పావు సరే. నా చేత ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పించావు చూడు, అది బాలేదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం మీద తప్పు రాయలేదు నేను" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వ్యాన్ డబ్బు రాకపోతే నేనే కడతాను, ఆర్నెల్లు పట్టినా సరే.

శశికళ గారు మాత్రం కదల్లేదు. "నాకు ఆ రోజే అనుమానమొచ్చింది" అన్నారు.

"ఎలా అండీ?"

"పెళ్ళయిన ఆడపిల్ల ఎవరైనా మొగుణ్ణి గంటన్నరసేపు పొగుడుతుందా? సగంసేపైనా తిట్టాలి. తువ్వాలు మంచం మీద పడేస్తాడనీ, చెప్పింది వినడనీ! నువ్వొక్కటీ అనలేదు."

నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఆవిడ టిష్యూ పెట్టె నా ఒళ్ళో పెట్టేశారు.

"ఆ అబ్బాయికి తెలుసా?"

"చెప్పలేదండీ."

"ముక్కూమొహం తెలియని మాకు చెప్పావు అదంతా. చెప్పాల్సినవాడికి చెప్పకుండా."

వచ్చేటప్పుడు శ్యామ్‌సుందర్ గారు బయటికొచ్చారు. ఇన్సూరెన్స్ వాళ్ళకి తనే ఫోన్ చేసి, తను పొరపాటు పడ్డానని చెప్తానన్నారు. నా వైపు చూడకుండా చెప్పారు. అయినా చెప్పారు.

ఫిబ్రవరి 12

పొద్దున పదిన్నరకి స్టేట్‌మెంట్. ల్యాబ్ బయట కారులో కూర్చుని ఇచ్చాను. అవతల ఒకామె, గొంతు మెత్తగా ఉంది, రికార్డ్ చేస్తున్నామని ముందే చెప్పింది.

ఎంత స్పీడు? ఐస్ ఉందా? ఫోన్ చూస్తున్నారా? చూశానన్నాను. ఇక అబద్ధాలు వద్దనుకున్నాను.

పాలసీదారుతో మీ సంబంధం ఏమిటి అంది.

ఫ్రెండ్ అన్నాను.

కుటుంబ సంబంధం ఏమైనా ఉందా? లేదు. ఆయన మీ ఇంట్లో ఉంటారా? లేదు. ఎప్పుడైనా ఉన్నారా? లేదు. ఆయన వస్తువులేమైనా మీ ఇంట్లో ఉన్నాయా? అక్కడ కొంచెం ఆగాను. అతను మరచిపోయిన ఊదారంగు మఫ్లర్ ఉంది. ఉత్తరాలు తప్ప ఏమీ లేవన్నాను.

మీ పెళ్ళి గురించి చెప్పిందెవరు? వ్యాన్ ఆయన పొరపాటు పడ్డారు, నేను సరిదిద్దలేదు. ఎందుకు సరిదిద్దలేదు?

ఆమె అడగాల్సిన ప్రశ్నే, తప్పులేదు. నేనేం చెప్పానంటే, ఆయన ఆ మాటంటే బాగుంది అన్నాను. ఇంగ్లీషులో అది ఇంకా పిచ్చిగా వినిపించింది. ఆమె కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. తర్వాత "అర్థమైంది" అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. దేవుడు ఆమెని చల్లగా చూడాలి.

ఫిబ్రవరి 16, శనివారం

హర్ష ఫోన్ చేశాడు. వ్యాన్‌కి మొత్తం కట్టడానికి ఒప్పుకున్నారట. అతని పేరు మీద రిమార్కు ఏమీ పడదట. మార్చి తర్వాత మాత్రం పాలసీ పొడిగించరు, కారు ఎవరి దగ్గరుందో వాళ్ళే ఇన్సూరెన్స్ తీసుకోవాలి.

"హమ్మయ్య. అయిపోయింది ఉమా, ఇగ టెన్షన్ లేదు" అన్నాడు.

అయిపోతే ఇక ఫోన్ ఎందుకు చేస్తాడు? ఆ భయానికే నోరు విప్పాను.

"హర్షా, ఆ రోజు నేను పొరపాటున అవునన్లేదు. నిజం కావాలని అన్నాను. ఆ టైటిల్ కూడా క్యూ ఉందని మానలేదు. నీ పేరు మా ఇంటి అడ్రస్ మీద ఉంటే బాగుందని మానేశాను. నువ్వంటే నాకు ప్రాణం. నీకెలా ఉందో చెప్పు."

లైన్ కట్టయిందేమోనని ఫోన్ చూసుకున్నాను. కాలేదు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మార్పించలేదని నవంబర్‌లనే తెలుసు. రిజిస్ట్రేషన్ రిన్యూ చేసుకో అని నాకే ఈమెయిల్ వచ్చింది. కట్టేసిన, నంబర్ ప్లేటు స్టిక్కర్ నీ ఇంటికే వచ్చింది కదా."

వచ్చింది. అతను గుర్తుపెట్టుకుని పంపాడని ఎంత మురిసిపోయానో, నేను మార్పించలేదని అతనికి తెలిసిపోయిందని తట్టనే లేదు.

"తెలిసి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఎందుకో చెప్తవని."

అతనే మళ్ళీ అన్నాడు, "నాకట్ల లేదు ఉమా. ఉంటే మంచిగుండేదని నేను కూడ చాన సార్లు అనుకున్న. నీ అసొంటి మనిషి ఇంకెక్కడ దొరుకుతది. కని లేదు. నీకు చెప్పలేక ఫోన్లు తగ్గించిన. తప్పు నాదే."

"తప్పేం లేదులే" అన్నాను. గొంతు బాగానే వచ్చింది. బంపర్ బాగుచేయించుకోవడానికి డబ్బు పంపుతానన్నాడు, ఆ పాలసీ నా బంపర్‌కి వర్తించదు కాబట్టి. వద్దన్నాను. పంపుతా అన్నాడు. వద్దని గట్టిగా అరిచి పెట్టేశాను.

ఫిబ్రవరి 17

ఇవాళ ఏమీ రాయను.

ఫిబ్రవరి 22

మెట్ల మీద ఉప్పు నేనే చల్లుకున్నాను. అతను గుర్తొచ్చాడు. పప్పు వండుకుంటే గుర్తొచ్చాడు. సిగ్నల్ దగ్గర ఆగితే, పక్క సీటు ఖాళీగా కనబడితే గుర్తొచ్చాడు. కాదన్నాక కూడా ఇంత గుర్తు రావడమేమిటి? ఫోన్ మోగితే ఇప్పటికీ ముందు అతనే అనుకుంటాను. రేపూ అనుకుంటాను, నాకు తెలుసు.

మార్చి 2, శనివారం

సోమవారం సెలవు పెట్టి టైటిల్ మార్పించాను. క్యూలో నా ముందు ఇద్దరే ఉన్నారు. పావుగంటలో అయిపోయింది.

శ్యామ్‌సుందర్ గారి వ్యాన్ తయారై వచ్చింది. ఆయనే తెలిసిన షాపుకి నన్ను తీసుకెళ్ళి నా బంపర్ తక్కువలో వేయించారు. దారంతా ఇన్సూరెన్స్ గురించి క్లాసు పీకారు, విన్నాను. నా మీద కోపం పోయిందనడానికి అదే గుర్తు అన్నారు శశికళ గారు.

ఇవాళ నా పేరు మీద పాలసీ తీసుకోవడానికి ఏజెంట్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, తెల్లటి మీసాలు, రెండు వేళ్ళతో టైపు చేస్తున్నాడు. పేరడిగాడు. ఉమామహేశ్వరి స్పెల్లింగ్ చెప్పేసరికి ఆయనకీ నాకూ ఆయాసం వచ్చింది. పుట్టినరోజు, ఉద్యోగం, రోజుకి ఎన్ని మైళ్ళు. పెళ్ళయిందా? కాలేదు. ఇంట్లో ఈ కారు నడిపేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?

"ఎవరూ లేరండీ" అన్నాను.

తెలుగులో అనేశాను. ఆయన టైపు చేయడం ఆపి, కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూసి, ఏమన్నారని మర్యాదగా అడిగాడు.

మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాను.